తలకిందుల పేపరు

1986 ఫిబ్రవరి 6

ఈ నోటుబుక్కు ఎవరి కోసమూ కాదు. మిస్ ట్రెలోర్ కోసం అసలే కాదు.

ఆవిడ ఇవాళ నా వ్యాసం తిరిగి ఇచ్చింది. ఎడారిలో సూర్యాస్తమయం మీద నాలుగు పేజీలు. పాత మాస్టారైతే కళ్ళు మూసుకుని ఇరవైకి పద్దెనిమిది వేసేవాడు. ఈవిడ మొదటి పేజీలోని విశేషణాలన్నిటికీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టింది. లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. చివర ఒకే ముక్క రాసింది: "జోర్కా, ఈ సూర్యాస్తమయం అప్పుడు నువ్వెక్కడ నిలబడి ఉన్నావు?"

ఎక్కడ నిలబడితే ఆవిడకేంటి?

పైగా క్లాసులో చాటింపు వేసింది. "ఈ ఏడాది ఈ గదిలో ఎవరూ దేన్నీ ఓపల్ రాయితో పోల్చకూడదు. కళ్ళు, కన్నీళ్ళు, చుక్కలు, ఏవీ."

"మరి మేం దేని గురించి రాయాలి మిస్?" అంది కటీనా. మా గనుల ఊళ్ళో నేల కింద ఉన్నది ఓపల్ రత్నం, నేల మీద ఉన్నది దుమ్ము. రెండోదాని గురించి ఎవరు చదువుతారు?

"పొద్దున మీ అమ్మ నిన్ను ఏమని తిట్టి లేపింది? అది రాయి."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. అడిలైడ్ నుంచి వచ్చి మూడు వారాలు కాలేదు, మా దుమ్ముకి ఇంకా తుమ్ముతూనే ఉంది, నాకు రాయడం నేర్పుతుందట.

ఫిబ్రవరి 7

మళ్ళీ రాసుకు రమ్మంది. రాయను.

ఫిబ్రవరి 9

రాశాను. ఆవిడ చెప్పిందని కాదు.

ఫిబ్రవరి 23

బయట నలభై ఆరు డిగ్రీలు. ఇంట్లో హాయిగానే ఉంది. కొండలో తవ్విన ఇల్లు కాబట్టి ఎండ మా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

గనుల ఆఫీసు నుంచి నాన్నకు ఉత్తరం వచ్చింది. అన్నం దగ్గర చదివి వినిపించాను. ఏడేళ్ళప్పటినుంచీ ఇది నా పనే. నాన్న ఇంగ్లీషు మాట్లాడతాడు, గని భాగస్వామి లెఫ్టెరిస్ బాబాయితో పోట్లాడడానికి సరిపడా. చదవడం మాత్రం రాదు. నేను చదివి, మా సెర్బియన్‌లోకి మార్చి చెబుతాను. ఇవాళ కాస్త గొప్పగా మార్చాను, ఆఫీసువాళ్ళు మాట్లాడినట్టే.

నాన్న చెంచా కింద పెట్టాడు. "ఆ కోటూ టోపీ తీసేసి చెప్పు జోర్కా. వాళ్ళకి ఏం కావాలట?"

"గని సరిహద్దు కర్రలకి మళ్ళీ రంగు వెయ్యాలట."

"ఈమాత్రం దానికి పేజీన్నర రాశాడా? పాపం, అతగాడికి జీతం మాట లెక్కన ఇస్తారేమో."

అదే టపాలో నాన్న పుట్టిన ఊరి నుంచి పెద్దత్త ఉత్తరం కూడా ఉంది. అది నాకివ్వడు. మా లిపి కదా, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క వరుసా తనే చదువుకుంటాడు. అమ్మ కాఫీ చల్లారిపోతోందని రెండుసార్లు అరిచింది.

మార్చి 21

అందరూ హేలీ తోకచుక్క మీదే రాశారు. నేనూ రాశాను. నాకు పదకొండు మార్కులు. కటీనాకి పదిహేను! తోకచుక్క చూద్దామని వాళ్ళ నాన్న (లెఫ్టెరిస్ బాబాయే) అందరినీ ట్రక్కు ఎక్కించాడట, అది వచ్చేలోపు ఆయనే నిద్రపోయి గురక పెట్టాడట. అంతే వ్యాసం. ఆకాశం గురించి ఒక్క ముక్క లేదు.

"నీది తోకచుక్క గురించి బాగుంది. కటీనాది ఎవరో చూసినట్టుంది," అంది మిస్ ట్రెలోర్.

కటీనా నా స్నేహితురాలే. అయినా ఇవాళ బస్సులో దాని పక్కన కూర్చోలేదు.

ఏప్రిల్ 11

పోటీ ప్రకటించారు. ఉత్తర ప్రాంతం బడులన్నిటికీ, వారపత్రికవాళ్ళు పెడుతున్నారు. విషయం: మా ఇంట్లో ఒకరు. గెలిస్తే పేపర్లో అచ్చువేస్తారు. జనవరిలో అడిలైడ్‌లో పది రోజుల రచనల శిబిరం, నిజం రచయితలు వచ్చి నేర్పుతారట.

ఆ పది రోజులు నావి. వేరే ఎవరికీ ఇవ్వను.

ఏప్రిల్ 19

నాన్న గురించి రాస్తున్నాను. చదవలేని నాన్న, చదివి పెట్టే కూతురు. ఇలాంటిది ఇంకెవరి దగ్గరా ఉండదు.

ఏప్రిల్ 24

పెద్దత్త ఉత్తరాల సంగతి తీసేశాను. అది ఉంటే కథ రెండు దారుల్లో పోతోంది.

ఏప్రిల్ 27

మంచి వాక్యం దొరికింది. "ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి మా నాన్న పేపరు తలకిందులుగా పట్టుకుని, చదువుతున్నట్టు తల ఊపుతున్నాడు."

పదిసార్లు చదువుకున్నాను. మంచి వాక్యం అంటే ఇదే అయి ఉండాలి.

మే 2

మిస్ ట్రెలోర్ ఆ వాక్యం కింద రెండు గీతలు గీసింది. ఎర్ర సిరాతో గీసినా మెచ్చుకోలు గీతలే.

"జోర్కా, ఇది నిజంగా జరిగిందా?"

"జరిగింది మిస్."

"ఫిబ్రవరిలో ముప్పై ఒక్క విశేషణాలు రాసిన పిల్లేనా నువ్వు? పంపించేద్దాం."

జరిగింది. అలాంటిదే ఏదో జరిగే ఉంటుంది.

మే 3

ఇంట్లో చెప్పలేదు. గెలిచాక చెబుతాను. గెలవకపోతే చెప్పాల్సిన పనే లేదు.

జూన్ 19

గెలిచాను!

ప్రార్థన దగ్గర ప్రిన్సిపాల్ లీబెల్ట్ నా పేరు చదివాడు, మా ఇంటిపేరుని మూడు ముక్కలు చేసి. ఉత్తర ప్రాంతం మొత్తంలో మొదటి బహుమతి. ఇవాళ్టి పేపర్లో నా ఫోటోతో సహా అచ్చయింది. పైన శీర్షిక "చదువురాని తండ్రికి కూతురే కళ్ళు" అని పెట్టారు. శీర్షిక నాది కాదు. నేను పెట్టింది "ఉత్తరాలు" అని.

అమ్మ పనిచేసే మోటెల్ వంటింట్లో పేపరు చూసిందట. సాయంత్రం నా తల నిమిరి, "మీ నాన్నకి చెప్పావా?" అంది.

"చెబుతాను."

"ఇవాళే చెప్పు."

ఇవాళ నాన్న గని నుంచి తిన్నగా క్లబ్బుకి వెళ్ళాడు. రేపు చెబుతాను.

జూన్ 20

కటీనా చెప్పింది. వాళ్ళ నాన్న అక్కడే ఉన్నాడట. రాస్తాను, ఎందుకు రాయకూడదు, అన్నీ రాస్తానని కదా ఈ పుస్తకం.

నిన్న క్లబ్బులో డెస్ అనే ముసలాయన బల్ల ఎక్కి నా వ్యాసం పైకి చదివాడట. మొదట అందరూ చప్పట్లు కొట్టారట, మన స్టోయన్ కూతురు రాసిందని. నాన్న కూడా నవ్వుతూ అందరికీ తలా ఒక బీరు చెప్పాడట. తన గురించని ఆయనకి తెలియదు. చదువుతుంటే మెల్లగా తెలిసింది. పేపరు తలకిందుల దగ్గరికి వచ్చేసరికి క్లబ్బంతా గొల్లున నవ్విందట. డెస్ బల్ల దిగి, పేపరు తిప్పి నాన్న చేతిలో పెట్టి, "ఇదిగో స్టోయన్, నీకు అలవాటైనట్టే పెట్టాను, చదువుకో," అన్నాడట.

నాన్న పేపరు సరిగ్గా తిప్పుకున్నాడట. నా ఫోటో చూశాడట. మడిచి జేబులో పెట్టుకుని, బీరు సగంలో వదిలేసి వచ్చేశాడట.

నిన్న రాత్రి ఇంటికొచ్చి ఆ పేపరు బల్ల మీద పెట్టాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"అవును."

"మంచిది," అన్నాడు. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం మూడు తిన్నాడు. ఎప్పుడూ ఆరు తింటాడు.

డెస్ వెధవ. తప్పంతా వాడిది.

జూన్ 21

నేను నిజం రాశాను. నిజం రాస్తే ఎవరో ఒకరికి కోపం వస్తుంది. రచయితలందరికీ ఇలాగే అవుతుంది.

జూన్ 25

ఇవాళ నాన్నకి ఉత్తరం వచ్చింది. నాకివ్వలేదు. జేబులో పెట్టుకుని లెఫ్టెరిస్ బాబాయి ఇంటికి వెళ్ళాడు.

మంచిదే. నాకు ఒక పని తగ్గింది.

జూన్ 29

తప్పు నాది కాదు.

జూలై 4

గనుల ఆఫీసువాళ్ళు నాన్న పేలుడు మందు పర్మిట్ ఆపేశారు. చదువురాని మనిషికి జిలెటిన్ పెట్టె మీద హెచ్చరికలు ఎలా తెలుస్తాయని పేపరు చూసిన ఎవరో అడిగారట. ఆగస్టులో పరీక్ష పెడతారు. అందులో నెగ్గితేనే మళ్ళీ పర్మిట్. అందాకా నాన్నా, లెఫ్టెరిస్ బాబాయీ బండని గొడ్డలిలాంటి పికాసులతో కొట్టుకోవాలి. మందు పెడితే ఒక రోజులో అయ్యేదానికి రెండు వారాలు.

అమ్మ గిన్నెలు చాలా చప్పుడుగా కడిగింది. నన్నేమీ అనలేదు.

"అంటే అనేయ్," అన్నాను నేనే.

"ఏమనాలి? పదహారేళ్ళొచ్చాయి. నేను అంటే తెలుసుకుంటావా, అనకపోతే తెలుసుకుంటావా?"

"నేనేం అబద్ధం రాయలేదు."

అమ్మ నా వైపు తిరిగి చూసింది. మళ్ళీ గిన్నె తీసుకుంది.

జూలై 19

సెలవులు. గనికి వెళ్ళాను, ఎవరూ రమ్మనలేదు. పైన గిరక దగ్గర కూర్చుని మట్టి బకెట్లు లాగి పోస్తున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం ఇద్దరూ నిచ్చెనెక్కి పైకొచ్చారు. మొహాలు తెల్లటి సున్నం. రొట్టె, మిరపకాయల పచ్చడి, చీజు తింటున్నాం. నెల రోజుల తరవాత నాన్న నాతో మాట్లాడాడు.

"నాకు ఇంగ్లీషు చదవడం రాదు. అది నిజమే. ఊరికి తెలిస్తే తెలిసింది, ఆ సిగ్గేదో నేను పడతాను. కానీ జోర్కా, నేను పేపరు తలకిందులుగా ఎప్పుడు పట్టుకున్నాను?"

నేను రొట్టె నములుతున్నాను.

"చెప్పు. ఏ రోజు? ఏ కుర్చీలో కూచుని?"

"నాన్నా, అదీ... అలా రాస్తే చదివేవాళ్ళకి బాగా అర్థమవుతుందని."

"ఏం అర్థమవుతుందని? నేను వెర్రివాణ్ణనా? పేపర్లో బొమ్మలుంటాయి పిల్లా! మంత్రిగారి తల పైనుందో కిందుందో కూడా తెలీదా నాకు?"

లెఫ్టెరిస్ బాబాయి నవ్వాపుకోలేక దగ్గాడు. "ఆ మంత్రి తలకిందులుగానే బాగుంటాడు స్టోయన్."

నాన్న నవ్వలేదు. "ఇంకోటి. 'మా నాన్నకి చదువు రాదు' అని రాశావు. పెద్దత్త ఉత్తరాలు ఈ ఇంట్లో ఎవరు చదువుతున్నారు, పిల్లి చదువుతోందా?"

"చదువు రాదంటే ఇంగ్లీషు చదువని..."

"అలా రాయలేదుగా. డెస్ ఆ ముక్క రెండుసార్లు చదివాడు. నేను రెండుసార్లూ విన్నాను." చేతులు దులుపుకుని లేచాడు. "రాయి. నిన్ను రాయొద్దని నేను అనను. మా ఊళ్ళో నాలుగో తరగతి తరవాత నన్ను గొర్రెల వెంట పంపారు. నువ్వు రాస్తానంటే నాకు కడుపు నిండుతుంది. కానీ నన్ను రాస్తే నన్నే రాయి. ఇంకెవడినో తెచ్చి నా కుర్చీలో కూచోబెట్టకు."

నిచ్చెన దిగిపోయాడు. నేను బకెట్ దించాను.

జూలై 20

ఆయనకేం తెలుసు రాయడం గురించి? చిన్న చిన్న మార్పులు అందరూ చేస్తారు. చేయకపోతే ఎవరు చదువుతారు? మిస్ ట్రెలోర్ రెండు గీతలు గీసింది. ఉత్తర ప్రాంతం మొత్తానికి మొదటి బహుమతి వచ్చింది. వాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళా?

జూలై 21

ఏ కుర్చీలో కూచుని?

జూలై 23

ఏ కుర్చీలోనూ కాదు. నేనే కల్పించాను. ఏప్రిల్ ఇరవై ఏడున, నా మంచం మీద కూచుని.

ఆగస్టు 13

పరీక్ష. నాన్న వద్దంటున్నా వెంట వెళ్ళాను. అమ్మ ఆయన చేత ఇస్త్రీ చొక్కా వేయించింది. అడిలైడ్ నుంచి వచ్చిన అధికారి నున్నగా గడ్డం గీసుకున్న కుర్రవాడు.

"కుటుంబ సభ్యులు బయట ఉండాలి," అన్నాడు.

కిటికీ కింద నిలబడ్డాను. కిటికీ కింద నిలబడకూడదని చెప్పలేదు.

ఖాళీ జిలెటిన్ పెట్టె బల్ల మీద పెట్టి, ఒక వరుస మీద వేలు పెట్టాడు. "ఇక్కడేముంది మిస్టర్ వుకెలిచ్?"

నాన్న తనకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాడు. "నేను చదవదు. నేను తెలుసు. ఎండ తగలకుండా పెట్టాలి. కింద వరుస, డిటొనేటర్ వేరే పెట్టె, వేరే చోటు. దాని కింద, చెమట పట్టిన జిలెటిన్ కడ్డీ ముట్టుకోవద్దు, మనిషిని పిలువు. ఎర్ర అక్షరం, పేలకపోతే అరగంట ఆగు. నేను గంట ఆగు."

"అరగంట చాలు కదా?"

"ఆయనకి భార్య లేదు," అన్నాడు నాన్న, పెట్టె మీద ఆ నియమం రాసినవాడి గురించి. "నాకు ఉంది."

కుర్రవాడు నవ్వాడు. పెట్టెని నాలుగు వైపులా తిప్పి అడిగాడు. ఒక్కటి తప్పలేదు. తరవాత, కాగితం మీద ఏదో రాసుకుంటూ, "ఇవన్నీ ఎవరు నేర్పారు?" అన్నాడు.

"నా కూతురు. అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆమె చదివింది. నేను తలలో దాచుకున్నాను."

పర్మిట్ ఇచ్చేశాడు. నాన్న బయటికొచ్చి, "ఆకలేస్తోంది," అన్నాడు. బేకరీలో మాంసం పైలు కొనుక్కుని ట్రక్కులో తిన్నాం. కిటికీ కింద విన్నానని చెప్పలేదు. మోచేతులకి అంటిన కిటికీ గట్టు దుమ్ము చూసి ఆయనకి తెలిసే ఉంటుంది.

ఆమె చదివింది. నేను తలలో దాచుకున్నాను. నా మొత్తం వ్యాసంలో ఇంత మంచి ముక్క ఒక్కటీ లేదు.

సెప్టెంబరు 10

మిస్ ట్రెలోర్‌కి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ తిట్టలేదు.

"నేనే దాని కింద రెండు గీతలు గీశాను," అంది. "జరిగిందా అని అడిగినప్పుడు నువ్వు చాలా త్వరగా జవాబు చెప్పావు. నాకు తెలిసింది జోర్కా. వాక్యం బాగుందని ఊరుకున్నాను."

పెద్దవాళ్ళు ఇలా ఒప్పేసుకుంటే వాళ్ళమీద కోపం పెట్టుకోవడం చాలా కష్టం.

"ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?"

"మళ్ళీ రాస్తాను."

"పోటీ అయిపోయింది."

"పోటీకి కాదు."

సెప్టెంబరు 21

కొత్తది నాన్నకి చదివి వినిపించాను. ఇంగ్లీషులో రాసింది సెర్బియన్‌లోకి మార్చుకుంటూ. అదో నరకం. ఇంగ్లీషులో కులాసాగా నిలబడ్డ వాక్యాలు నాన్న ఎదుట మా భాషలోకి వచ్చేసరికి నోట్లో తిరగవు. సిగ్గేసి నాలుగైదు అక్కడికక్కడే మింగేశాను.

"ఎందుకు ఆగావు?"

"ఏం లేదు. ఆ ముక్క అనవసరం."

"మరి ఎందుకు రాశావు?"

అక్టోబరు 5

ఆదివారం భోజనాల తరవాత ఇదే పని. నాన్న కాలు మీద కాలేసుకుని జడ్జీలా కూర్చుంటాడు. "ఆ రోజు వాన లేదు. గాలిదుమారం." "లెఫ్టెరిస్ అలా అనడు, ముందు ఓ బూతు ఉంటుంది." "మీ అమ్మ ఎక్కడ? ఆ రోజు బల్ల దగ్గర ఆవిడ కూడా ఉందిగా, ఎక్కడికి పంపేశావు?"

"అన్నీ రాస్తే పుస్తకమవుతుంది నాన్నా!"

"అయితే అవనీ. పర్మిట్ కావాలా దానికి?"

నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆరోసారి తిరగరాస్తున్నాను. క్లబ్బు సంగతి కూడా రాశాను, డెస్ బల్లెక్కిన సంగతి, దానికి ముందు నేను చేసిన పని.

అక్టోబరు 8

పేపరు సంపాదకుడికి ఉత్తరం రాశాను. నా వ్యాసంలో రెండు విషయాలు తప్పు, మా నాన్న తన భాష చదవగలడు, పేపరు ఏనాడూ తలకిందులుగా పట్టుకోలేదు, దయచేసి అచ్చువేయండి అని. ఎనిమిది వరుసలు. ఒక్క విశేషణం లేదు.

నవంబరు 12

నాకు జవాబు రాలేదు. ప్రిన్సిపాల్‌కి వచ్చింది. పిలిపించాడు.

"ఎవరు రాయమన్నారు నిన్ను? తప్పులున్నాయని నువ్వే అంటే వాళ్ళు బహుమతి వెనక్కి తీసుకోవాల్సి వస్తుందట. మన బడికి పదకొండేళ్ళలో వచ్చిన మొదటి బహుమతి!"

"తప్పులున్నాయి సర్."

"విను. నేను ఫోన్లో మాట్లాడి సర్దేశాను. చిన్నపిల్ల, తండ్రి కోప్పడితే రాసిందని చెప్పాను. డిసెంబరు అయిదున వార్షికోత్సవానికి సంపాదకుడు కూడా వస్తున్నారు. నువ్వు వేదికెక్కి ఆ వ్యాసం చక్కగా చదువు. ఆ ఉత్తరం మాట ఇంకెవరూ ఎత్తరు. శిబిరానికి వెళ్ళు. ఇంతకన్నా సులువేముంది?"

"నాన్న కోప్పడితే రాయలేదు సర్."

"చదువుతావా, చదవవా?"

"చదువుతాను," అన్నాను. ఏది చదువుతానో చెప్పలేదు.

నవంబరు 13

నాన్నకి మొత్తం చెప్పాను. వద్దంటాడనుకున్నాను. "పాతదే చదివేయ్," అన్నాడు. "నాకు పోవాల్సింది జూన్‌లోనే పోయింది. నువ్వు అడిలైడ్ వెళ్ళు. అక్కడ పెద్దపెద్దవాళ్ళొస్తారన్నావుగా."

"చదవను."

"మొండిదానా, నేనే చెబుతుంటే!"

"నువ్వు చెప్పినా చదవను."

అమ్మ లోపల్నుంచి, "ఎవరి పోలికో," అంది.

డిసెంబరు 3

నాకు ఆ శిబిరం కావాలి. ఇది కూడా రాసిపెట్టుకుంటున్నాను, తరవాత నాకేం అక్కర్లేదని కోతలు కొయ్యకుండా.

డిసెంబరు 5

అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బడి హాలు, ఫ్యాన్లు తిరుగుతున్నా చొక్కాలు వీపులకి అంటుకుపోతున్నాయి. నాన్న రెండో వరుసలో, అదే ఇస్త్రీ చొక్కా. పక్కన అమ్మ, లెఫ్టెరిస్ బాబాయి కుటుంబం. వెనక గోడకి ఆనుకుని క్లబ్బు జనం, డెస్ కూడా. మనవరాలికి డ్రాయింగు బహుమతి ఉందట. ముందు వరుసలో సంపాదకుడు, తెల్ల గడ్డం, చేతిలో నా కోసం తెచ్చిన కవరు.

లీబెల్ట్ నా ఇంటిపేరుని మళ్ళీ మూడు ముక్కలు చేసి పిలిచాడు. మైకు దగ్గరికెళ్ళి కాగితాలు తీశాను.

"నాకు బహుమతి వచ్చిన వ్యాసంలో రెండు అబద్ధాలున్నాయి. అందుకని అది చదవను. దీనికి బహుమతి రాలేదు. ఇది చదువుతాను."

మొదటి పేజీ సగంలో ఉండగా మైకు ఆగిపోయింది. తీగ ఊడిందో, ఎవరైనా ఊడదీశారో నాకు తెలియదు, తెలియనిది రాయను. లీబెల్ట్ లేచి నా వైపు రావడం మాత్రం చూశాను. మిస్ ట్రెలోర్ కుర్చీలోంచి లేచి ఆయన దారిలో నిలబడింది. "పిల్ల చదువుతోంది సర్," అంది.

"వినపడట్లేదు, గట్టిగా చదువమ్మా!" వెనకనుంచి ఎవరో అరిచారు.

గట్టిగా చదివాను. గిరక దగ్గర కూర్చుని పైనుంచి కిందికి కేకేసేంత గట్టిగా. డెస్ బల్లెక్కిన చోటు వచ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. డెస్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "ఆయనకి భార్య లేదు, నాకు ఉంది" దగ్గర హాలంతా నవ్వింది, అమ్మ మొహం ఎర్రబడింది. చప్పట్లు కొందరే కొట్టారు. లెఫ్టెరిస్ బాబాయి మాత్రం ఈల వేశాడు.

సంపాదకుడు వేదిక కిందికొచ్చాడు. "చాలా బాగుంది. కానీ బహుమతి మాత్రం ఇవ్వలేను, నీకు అర్థమవుతుందిగా. శిబిరానికి రెండోస్థానం వచ్చిన అబ్బాయి వెళతాడు."

"అవుతుంది," అన్నాను. "నా ఉత్తరం వేస్తారా?"

ఆయన కవరు జేబులో పెట్టుకుని, "వేస్తాను," అన్నాడు.

ఏడవలేదు. ఏడిస్తే రాసేదాన్నే.

ఇంటికి ట్రక్కులో నేను మధ్యన, అమ్మ కిటికీ వైపు. తారురోడ్డు దిగి మా మట్టిరోడ్డు ఎక్కాక నాన్న అన్నాడు.

"చివర ఓ ముక్క కొత్తగా పెట్టావు. నాకు చదివినప్పుడు అది లేదు."

నిన్న పొద్దున కలిపాను. 'మా నాన్న చేతుల్ని చూసే నేను అక్షరాలు నేర్చుకున్నాను.'

"బాగుందిగా?"

"అబద్ధం. నీకు మన అక్షరాలు మీ అమ్మ నేర్పింది, వంటింట్లో, బీన్సు గింజలు పేర్చి. నేను గనిలో ఉన్నాను."

"అది అబద్ధం కాదు నాన్నా. అదొక రకంగా చెప్పడం."

"ఒక రకంగా చెప్పడమంటే ఆదివారం బట్టలేసుకున్న అబద్ధం."

"నీకు అర్థం కాదు. కష్టపడటం నీ దగ్గర నేర్చుకున్నానని దాని భావం."

"అయితే ఆ మాటే అను."

"అంటే చప్పగా ఉంటుంది!"

"ఉండనీ. అందరూ అక్కడికి రాగానే ముక్కులు ఎగబీల్చారు, చూశావా? నువ్వు వాళ్ళ ముక్కుల కోసం పెట్టావు దాన్ని."

"ఆ వాక్యం నాది. తీయను."

"తీయకు. నాకేం?"

"తీయను."

"చెవుడు లేదు నాకు, విన్నాను."

"ఇద్దరూ నోరు మూయండి," అంది అమ్మ, "కంగారూ అడ్డమొస్తోంది."

నాన్న బ్రేకు వేశాడు. అది దాటిపోయేదాకా కూడా ఆగకుండా, ఇంటి గుమ్మం దాకా, బూట్లు విప్పేదాకా పోట్లాడుకున్నాం. ఆయన ఒక్క మెట్టు దిగలేదు, నేనూ దిగలేదు.

డిసెంబరు 6

ఆ వాక్యం తీసేశాను. ఆయనకు చెప్పను.